ఏ తీరమునకు పోవలెను?

సెలవులు సమీపించినప్పుడు అనేక గృహములలో ఒక చర్చ మొదలగును. "ఈ పర్యాయము సముద్రమునకు పోవుదము" అని పిల్లలు అందురు. ఆ మాటను కాదనువారు ఇంటిలో ఎవరును ఉండరు. కాని "ఏ తీరమునకు?" అను ప్రశ్న పుట్టగానే తలకొక మాట బయలుదేరును. తండ్రి ఖర్చు లెక్కించును. తల్లి బసను గూర్చి, భోజనమును గూర్చి ఆలోచించును. నాయనమ్మ దేవాలయము ఉన్న ఊరు కావలెననును. పిల్లలకు అలలలో ఆడుకొనుటయే కావలెను. తుదకు గట్టిగా మాటలాడినవారి మాటయే నెగ్గును. లేదా పొరుగువారు పోయివచ్చిన చోటికే వీరును పోవుదురు. ఇట్లు ఎన్నుకొనిన ప్రయాణము ఒక్కొక్కప్పుడు సుఖముగానే ముగియును. ఒక్కొక్కప్పుడు అలసటయే మిగులును. అరుదుగానైనను, తీరని దుఃఖము మిగులుటయు కలదు. కావున చోటు ఎన్నుకొనుట చిన్న విషయము కాదు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు ఉత్తరమున ఇచ్ఛాపురము మొదలుకొని దక్షిణమున తడ వరకు సుమారు 1,000 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. సంవత్సరములో అధికభాగము ఎండ కాయు సీమ ఇది. సముద్రము ఒక్కటియే ఐనను తీరము అంతటను ఒక్క తీరుగా లేదు. విశాఖపట్టణ ప్రాంతమున తూర్పు కనుమల కొండలు సముద్రమును సమీపించి నిలిచియున్నవి. అచ్చట రాతిగుట్టలును, ఎఱ్ఱని కొండచరియలును, వాని నడుమ ఇసుకతీరములును కనబడును. గోదావరి, కృష్ణా నదులు సముద్రములో కలియుచోట భూమి పల్లముగా, చదునుగా ఉండును. ఆ నదులు వేలకొలది సంవత్సరములుగా కొనితెచ్చిన ఒండ్రుమట్టిచే ఏర్పడిన నేల అది. అచ్చట నీరు మట్టిరంగుగా ఉండును. తీరమున మడ అడవులు పెరుగును. దక్షిణపు కొనయందు సముద్రమునకు లోపలివైపున పులికాట్ సరస్సు పరచుకొని యున్నది. కొండతీరము, నదీతీరము, సరస్సుతీరము అను ఈ మూడింటిలో దేని సొంపు దానిదే. దేని ఇబ్బంది దానిదే.

చోటు ఎన్నుకొనువారు మొదట వేసికొనవలసిన ప్రశ్న, "ఎచ్చటికి?" అనునది కాదు. "ఎవరెవరు పోవుచున్నారు?" అనునది. విజయవాడలో ఒక కుటుంబము కలదని ఊహించవచ్చును. తండ్రి, తల్లి, మోకాళ్ల నొప్పిగల నాయనమ్మ, ఎనిమిదవ తరగతి చదువు బాలిక, ఆరేండ్ల బాలుడు అందులో ఉన్నారు. సంక్రాంతి సెలవులలో మూడు దినములు సముద్రతీరమున గడపవలెనని వారి కోరిక. బాలిక ఒక కాగితము తీసికొని ఎవరికేమి కావలెనో వ్రాయసాగెను. నాయనమ్మకు దేవుని దర్శనము. తండ్రికి తన సంపాదనలో సరిపోవు ఖర్చు. తమ్మునికి ఇసుకయు, ఏదైన ఒక వింతయు. బాలికకు సముద్రములో ఈదుట. ఆమె ఈతకొలనులో ఈత నేర్చినది. తల్లిని అడుగగా, "మీ అందరికి ఏది ఇష్టమో అదియే నాకును ఇష్టము" అనెను. బాలిక ఆ మాటను వ్రాసికొనక, మరల అడిగెను. అప్పుడు తల్లి కొంచెము ఆలోచించి, "ఒక్క ఉదయము వంటయింటి పిలుపు లేకుండ సముద్రము ఎదుట కూర్చుండవలెనని యున్నది" అనెను. చాల ఇండ్లలో ఈ చివరి కోరిక కాగితము మీదికి ఎక్కదు. దానిని రెండవమారు అడిగి తెలిసికొనవలసి యుండును.

రెండవ ప్రశ్న, "ఎప్పుడు?" అనునది. బడులకు సెలవులు ముఖ్యముగా మూడు కాలములలో వచ్చును. దసరా సెలవులు సాధారణముగా అక్టోబరు ప్రాంతమున వచ్చును. అక్టోబరు, నవంబరు మాసములు బంగాళాఖాతమున తుపానులు పుట్టు కాలము. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానులో సముద్రపు ఉప్పెన దివిసీమను ముంచివేసి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొన్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ నగరమునే తాకినది. ప్రతి దసరాకును తుపాను వచ్చునని కాదు. కాని ఆ దినములలో బయలుదేరువారు వాతావరణ శాఖవారి ప్రకటనలను తప్పక చూచుకొనవలెను. హెచ్చరిక వెలువడిన పిమ్మట, టిక్కెట్లకు పెట్టిన సొమ్ము వ్యర్థమగునను చింతతో ప్రయాణము సాగించుట అవివేకము.

వేసవి సెలవులు పెద్దవి. కాని ఏప్రిల్, మే మాసములలో కోస్తా ఎండ తీవ్రముగా నుండును. సముద్రతీరమున ఉష్ణోగ్రత లోపలి ఊళ్లకంటె కొంత తక్కువగానే ఉండును. దీనికి కారణము కలదు. ఎండకు నేల త్వరగా వేడెక్కును. నీరు నెమ్మదిగా వేడెక్కును. నేలమీది గాలి వేడెక్కి తేలికయై పైకి పోగా, ఆ చోటును నింపుటకు సముద్రము మీది చల్లగాలి ఒడ్డునకు వీచును. రాత్రివేళ నేల త్వరగా చల్లబడుటచే గాలి ఎదురుదిశకు మఱలును. ఐనను తీరపు గాలిలో తేమ అధికము. తేమగాలిలో చెమట త్వరగా ఆరదు. చెమట ఆరిననే గాని శరీరము చల్లబడదు. అందుచేత ఉష్ణమాపకము తక్కువ చూపినను, తీరమున ఉక్క అధికముగా తోచును. పసిపిల్లలును, వృద్ధులును దీనిచే త్వరగా సొమ్మసిల్లుదురు. వేసవిలో పోవువారు ఉదయమునను, సాయంకాలమునను మాత్రమే తీరమున ఉండి, నడిమి వేళ నీడపట్టున గడపవలెను. ఇసుకయు, నీరును ఎండను తిరిగి మీదికి విసరుచుండును గనుక గొడుగు ఒక్కటియే చాలదు. మంచినీరు, మజ్జిగ వెంట నుండవలెను.

సంక్రాంతి కాలము ఈ మూడింటిలో మిక్కిలి అనుకూలమైనది. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఎండ మృదువుగా ఉండును. తుపానుల భయము చాలవరకు తగ్గియుండును. కాని దానికొక చిక్కు కలదు. సంక్రాంతి ఇంటి పండుగ. రైళ్లును, బస్సులును స్వగ్రామములకు పోవువారితో క్రిక్కిరిసి యుండును. విజయవాడ కుటుంబములో ఈ మాట వచ్చినప్పుడు నాయనమ్మ, "కనుమనాడు కాకియైనను కదలదు" అనెను. ఆమె మాటను మన్నించి, పండుగ ఇంట జరుపుకొని, ముక్కనుమ నాడు బయలుదేరుటకు నిశ్చయించిరి. ఆ దినమున జనులు పల్లెలనుండి నగరములకు మఱలుచుందురు. ఎదురుదిశకు పోవువారికి చోటు దొరకుట కొంత సులభమగును.

మూడవ ప్రశ్న, తీరపు స్వభావమును గూర్చినది. ఇది అన్నిటికంటె ముఖ్యము. ప్రతి యేటను ఈ తీరమున స్నానమునకు దిగి కొందరు ప్రాణములు కోల్పోవుచున్నారు. అందులో విద్యార్థులును, యువకులును అధికము. వారిలో ఈత వచ్చినవారును ఉందురు. ఈత వచ్చినవారు ఎట్లు మునుగుదురు? కొలనులో నీరు నిలిచియుండును. సముద్రములో నీరు నడచుచుండును. అలలు ఒడ్డునకు తెచ్చిపోసిన నీరు మరల లోనికి పోవలెను గదా! అది ఒక్కొక్కచోట ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయగా ఏర్పడి, వేగముగా లోపలికి లాగుకొనిపోవును. దీనినే రిప్ కరెంటు అందురు. విచిత్రమేమనగా, ఆ పాయపై అలలు తక్కువగా విరుగును. ఇరుప్రక్కల తెల్లని నురుగు కనబడుచుండగా, నడుమ ఆ పట్టె నల్లగా, ప్రశాంతముగా కనబడును. తెలియనివారు అదియే సురక్షితమైన చోటని తలచి అచ్చటనే దిగుదురు.

అట్టి పాయలో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదిన యెడల బలము క్షీణించి మునిగిపోవుదురు. భయపడక నీటిపై తేలుచు, చేయి ఎత్తి సహాయము కోరవలెను. ఈదగలవారు ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, పాయనుండి బయటపడిన పిమ్మట ఒడ్డువైపు మఱలవలెను. ఒడ్డున ఉన్నవారు తొందరపడి నీటిలోనికి దూకరాదు, తేలెడు వస్తువును గాని, త్రాటిని గాని విసరవలెను, రక్షకులను పిలువవలెను. ఒకరిని రక్షింపబోయి మఱియొకరు మునిగిన సందర్భములు అనేకము. నదులు సముద్రములో కలియుచోట్ల ప్రవాహము గంటగంటకు మారుచుండును గనుక అచ్చట లోతునకు దిగుట మఱింత అపాయకరము.

కావున కుటుంబముతో పోవువారు స్నానమునకు తగిన తీరమును ఎన్నుకొనునప్పుడు మూడు విషయములు విచారింపవలెను. రక్షకులు ఉన్నారా? హెచ్చరిక పలకలు ఉన్నవా? స్థానికులగు జాలరులు ఆ చోటును గూర్చి ఏమందురు? హైదరాబాదులో మహాసముద్ర సమాచారమును సేకరించు జాతీయ కేంద్రము ఒకటి కలదు. పెద్ద అలలు వచ్చు సూచన ఉన్నప్పుడు ఆ కేంద్రమువారు ముందుగా హెచ్చరించెదరు. ఐనను, తరతరములుగా ఆ నీటిని చూచుచున్న జాలరి "నేడు దిగవద్దు" అనిన యెడల, ఆ మాటను మించిన హెచ్చరిక లేదు.

ఇక ఆయా చోటులను ఉత్తరమునుండి దక్షిణమునకు పరిశీలింపవచ్చును. శ్రీకాకుళము జిల్లాలోని కళింగపట్టణము వంశధార సముద్రములో కలియుచోట ఉన్నది. అచ్చట దీపస్తంభము కలదు; సమీపమున శాలిహుండమను ప్రాచీన బౌద్ధక్షేత్రము కలదు. సందడి కోరనివారికి అది మంచి చోటు. విశాఖపట్టణము పెద్ద నగరము; వసతులకు, వైద్యమునకు కొదువ లేదు. రామకృష్ణా తీరమున కురుసుర అను జలాంతర్గామి ప్రదర్శనశాలగా నిలుపబడియున్నది. అది 1969లో నౌకాదళమున ప్రవేశించి, 2001లో విరమించి, 2002నుండి ప్రజల దర్శనమునకు తెరువబడినది. నగరమునకు ఉత్తరమున ఋషికొండ తీరమును, ఆ దారిలోనే తొట్లకొండ బౌద్ధారామ శిథిలములును, ఇంకను ముందునకు పోయిన గోస్తనీ నది సముద్రమును చేరు భీమునిపట్టణమును ఉన్నవి. భీమునిపట్టణమున డచ్చివారి పురాతన సమాధులు నేటికిని చూడవచ్చును.

కాకినాడ ప్రాంతమున కోరంగి మడ అడవులు కలవు. ఆ చెట్ల వేళ్లు బురదలో అల్లుకొని, తీరపు నేలను పట్టి నిలుపును. తుపాను అలల వేగమును తగ్గించును. ప్రకృతిశాస్త్రము చదువు పిల్లలకు ఇంతకంటె మంచి పాఠశాల లేదు. కాని అది స్నానమునకు తగిన చోటు కాదు. కోనసీమలో అంతర్వేది యందు వశిష్ఠ గోదావరి సముద్రములో కలియును. అచ్చటి లక్ష్మీనరసింహస్వామి కల్యాణము మాఘమాసమున జరుగును. ఆ దినములలో జనసమ్మర్దము అధికము. బందరు సమీపమున మంగినపూడియు, బాపట్ల సమీపమున సూర్యలంకయు, నెల్లూరు సమీపమున మైపాడును ఒకటి రెండు దినములలో పోయిరాదగిన ఇసుకతీరములు. దక్షిణపు కొనయందు పులికాట్ సరస్సునకు చలికాలమున రాజహంసలు గుంపులుగా వచ్చును. చేరువనున్న నేలపట్టున గూడబాతులు గూళ్లు కట్టును. ఆ ప్రక్కనే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రము కలదు. ముందుగా పేరు నమోదు చేసికొనినవారు అచ్చటినుండి ప్రయోగమును చూచు ఏర్పాటు 2019నుండి కలదు.

ఈ తీరములన్నియు తూర్పుముఖముగా ఉన్నవి. సముద్రములో సూర్యుడు క్రుంకుట చూడగోరి వచ్చువారు ఇచ్చట నిరాశ చెందుదురు. ఇచ్చటి విశేషము సూర్యోదయము. తెల్లవారుజామున లేవలేనివారు ఇంత దూరము వచ్చియు సగము సంపదను కోల్పోయినట్లే.

విజయవాడ కుటుంబమువారు సూర్యలంకను, విశాఖపట్టణమును పోల్చి చూచిరి. సూర్యలంకకు దారి తక్కువ, ఖర్చును తక్కువ. ఒక్క దినమైనచో అదియే మేలు. విశాఖ రైలుదారిని 350 కిలోమీటర్లు. కాని మూడు దినములు ఉన్నవి. సింహాచలమున నాయనమ్మకు దర్శనము లభించును, కొండపైకి బస్సు పోవును. బాలునికి జలాంతర్గామి కలదు. వారు విశాఖనే ఎన్నుకొనిరి. రైలుఖర్చు పెరిగినందున బసను సముద్రమునకు ఎదురుగా గాక రెండు వీధుల వెనుక తీసికొనిరి. ఒకటి కావలెననిన మఱియొకటి వదలుకొనవలెను. ఏది వదలుకొనవలెనో ముందే తెలిసికొనుటయే ఎన్నిక.

జలాంతర్గామిలోని ద్వారములు ఇరుకైనవి. మోకాళ్ల నొప్పిచే నాయనమ్మ లోనికి పోలేక బయట కూర్చుండెను. బాలుడు తిరిగివచ్చి తాను చూచినదంతయు ఆమెకు వర్ణించి చెప్పెను. ఒక ఉదయము పిల్లలు లేవకముందే తల్లి ఒంటరిగా తీరమునకు పోయి సూర్యోదయము చూచెను. ఆ పూట పిల్లలకు పాలు, ఫలాహారము తండ్రియే చూచుకొనెను.

మూడవ దినమున ఋషికొండకు పోయిరి. ఆనాడు అలలు ఎత్తుగా నుండెను. రక్షకుడు ఈల వేసి, ఎవరును మోకాటిలోతు దాటరాదని చెప్పెను. బాలిక ముఖము చిన్నబోయెను. ఈదుటకే ఆమె అంత దూరము వచ్చినది. ఆమె నీటి అంచున నిలిచి చూచుచుండగా, తెల్లని నురుగుల నడుమ నల్లని పట్టె యొకటి కనబడెను. తమ్ముడు బంతితో ఆడుచు ఆ ప్రక్కకే పోవుచుండెను. అచ్చట అలలు చిన్నవిగా ఉన్నవని వాని ఆశ. ఆమె పరుగున పోయి వాని చేయి పట్టుకొని వెనుకకు తెచ్చెను. ఏ ప్రమాదమును జరుగలేదు. ఆ సాయంకాలము ఆమె తన కాగితములో "ఈదుట" అను మాటను కొట్టివేయలేదు. దాని ప్రక్కన "సముద్రము అనుమతించిన దినమున" అని వ్రాసికొనెను.

చోటు ఎన్నుకొనువారు మఱవరాని విషయము ఇంకొకటి కలదు. విహారమునకు వచ్చువారికి తీరము ఆటస్థలము. జాలరులకు అది పనిస్థలము, ఇల్లును. వలలు ఆరవేయు చోట పరుగులిడుట, పడవలపైకి ఎక్కుట తగదు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే, మరపడవలతో వేట నిషేధింపబడియుండును. వేసవిలో పోవువారు ఒడ్డున వరుసగా నిలిచిన పడవలను చూచి అవి పనికిరానివని తలపరాదు. చలికాలపు చివర సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఇసుకలో గ్రుడ్లు పెట్టును. దీపములును, కేకలును వానిని బెదరించి వెనుకకు మఱల్చును. పాఱవేసిన ప్లాస్టిక్ సంచులు నీటిలో చేరి వాని గొంతునకు అడ్డుపడును. తెచ్చిన వస్తువును తిరిగి తీసికొనిపోవుట కష్టమైన పని కాదు.

మంచి చోటు అనగా ప్రసిద్ధికెక్కిన చోటు కాదు. అధికముగా ఖర్చగు చోటును కాదు. పోవుచున్న వారిలో బలహీనులకు తగినది, వచ్చిన కాలమునకు అనుకూలమైనది, అందరి కోరికలలో కొంత కొంత తీర్చునది మంచి చోటు. దానిని ఎన్నుకొనుటకు పటము, క్యాలెండరు, ఒక కాగితము చాలును. ఇంటిలో మెల్లగా మాటలాడువారి మాటను కూడ ఆ కాగితముపై వ్రాసికొనవలెను. ప్రయాణము ఆ కాగితముతోనే ఆరంభమగును.